అడిగింది హజ్ గురించి, తేలింది నాయనమ్మ వాటా

ఇది ఒక పరుపుల షాపు కేసు. పేర్లు రాయను, ఊరు రాయను. ఒకటి రెండు గుర్తులు మార్చాను, అంకెల్ని కూడా పంపకం లెక్క చెడకుండా కాస్త సర్దాను. ఆ ఇంటివాళ్ళు చదివి "వేసెయ్ అన్నా, ఎవరికో ఒకరికి పనికొస్తుంది" అన్నాకే బయటపెడుతున్నా.

ముందు నా సంగతి. నేను ముఫ్తీని, అంటే షరియత్ ప్రశ్నలకి తీర్పు చెప్పే పండితుణ్ణి, కాదు. పగలంతా షాపుల లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను, అదే నా బతుకుతెరువు. ఆలిం కోర్సు (మత విద్య) చదివాను కాబట్టి మా మసీదుకి జకాత్ (ఏటా ఇవ్వాల్సిన విధి దానం) లెక్కో, ఆస్తి పంపకాల లెక్కో వస్తే నా దగ్గరికి పంపుతారు. లెక్క వరకు నాది. హుకుం (షరియత్ తీర్పు) దగ్గర అనుమానం వస్తే ప్రశ్న కాగితం మీద పెట్టి హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఒక ముఫ్తీ సాబ్‌కి పంపుతా, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చుంటా. ఈ కేసులో మూడుసార్లు పంపాల్సి వచ్చింది.

2023 రంజాన్‌లో, తరావీహ్ (రాత్రి నమాజు) అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే పెద్దబ్బాయి వచ్చి పట్టుకున్నాడు. నలభై దాటిన మనిషే, ఆ ఇంట్లో పెద్ద కొడుకు కాబట్టి ఇక్కడ పెద్దబ్బాయి అనే అంటాను. హజ్ కమిటీ డ్రాలో తనకీ, భార్యకీ, అమ్మకీ పేర్లు వచ్చాయి. తలకి మూడు లక్షల పైనే అవుతుంది, ఆరేళ్ళుగా కూడబెట్టిన పది లక్షల దాకా ఉన్నాయి. సమస్య ఏంటంటే షాపు మీద 4 లక్షల ముద్రా లోన్ ఇంకా తీరలేదు. "అప్పుతో హజ్‌కి వెళ్తే చెల్లదంట కదా అన్నా, మా బావమరిది చెప్పాడు, నిద్ర పట్టట్లేదు" అన్నాడు.

ఈ ప్రశ్నకి జవాబు రెండు నిమిషాలే. వడ్డీ లోన్ తీసుకోవడం తప్పు, తౌబా చేసి (పశ్చాత్తాపపడి) వీలైనంత తొందరగా మూసెయ్యాలి, అది వేరే సంగతి. వాయిదాలు ఇంకా గడువు రానివైతే, నువ్వు లేనప్పుడు కట్టే మనిషో డబ్బో ఉంటే, ఆ లోన్ హజ్‌కి అడ్డం కాదు. గడువు దాటిపోయి, అప్పిచ్చినవాడు మొహం మీద అడుగుతున్న అప్పు అయితే ముందు అది. ఇంతే చెప్పి పంపేయొచ్చు. కానీ నాకో అలవాటు ఉంది, అప్పు గురించి ఎవరు అడిగినా "బ్యాంకుది కాకుండా ఇంకెవరికైనా ఇవ్వాలా?" అని ఇంకో మాట అడుగుతా. ఎవరికీ లేదన్నాడు. "షాపు ఎవరి పేరు మీద ఉంది?" అన్నాను.

"నాయన పేరు మీదే అన్నా. ఆయన పోయి తొమ్మిదేళ్ళు."

అప్పుడు పక్కన అరుగు మీద కూర్చున్నాం.

వీళ్ళది దూదేకుల ఇల్లు. ఇంట్లో మాట తెలుగే, నికాలూ నమాజులూ దీన్ (మతం) ప్రకారం, పంపకాలు మాత్రం ఊరి పద్ధతి. తాత వీధుల్లో దూది ఏకే విల్లు భుజాన వేసుకుని తిరిగేవాడు, తండ్రి మిషను పెట్టి షాపు చేశాడు. ఆయన 2014లో పోయాడు. అప్పటికి పెద్ద కూతురు పెళ్ళి 2009లోనే అయిపోయింది, చిన్న కూతురి పెళ్ళి 2017లో అన్నదమ్ములు చేశారు. ఇల్లు, అయిదు సెంట్ల స్థలం, అద్దె షాపులో సరుకు, ఇవి పంచలేదు. పంచలేదంటే కొట్లాటలేం లేవు, ఆ మాట ఎత్తడానికే ఎవరికీ నోరు రాలేదు, అంతే. పెద్దబ్బాయి దృష్టిలో అది "ఉమ్మడి ఆస్తి", తనకీ తమ్ముడికీ సగం సగం, చెల్లెళ్ళకి పెళ్ళిళ్ళలో పసుపు కుంకుమ కింద ఇచ్చేశారు.

షరియత్‌లో ఈ ఉమ్మడి అన్నమాటే లేదు. తండ్రి ఊపిరి ఆగిన క్షణాన ఆస్తి వారసులందరిదీ అయిపోతుంది, ఎవరి వాటా వాళ్ళది. పంచకపోతే పంచనట్టు, అంతేగానీ వాటా పోదు. మన దేశంలో 1937 షరియత్ చట్టం ప్రకారం కోర్టులో కూడా ముస్లిం ఇంటి వారసత్వానికి ఇదే లెక్క. ఇంకో సంగతి, ఊరి పద్ధతి ఊరి పద్ధతి అంటారు గానీ ఆ పద్ధతే ఎప్పుడో మారిపోయింది, హిందూ కుటుంబాల్లో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు అని ఎన్టీఆర్ హయాంలో, 1985 నుంచే వర్తించేలా చట్టం తెచ్చారు. మనవాళ్ళు మాత్రం అంతకు ముందరి ఊరి పద్ధతినే పట్టుకుని వేలాడుతున్నారు.

పెద్దబ్బాయి మొహం వాడిపోయింది. "అంటే ఈ పది లక్షల్లో చెల్లెళ్ళ డబ్బులు కూడా ఉన్నాయా?" అన్నాడు. ఉండొచ్చు అన్నాను. అబద్ధం చెప్పి నిద్రపుచ్చడం నాకు చేతకాదు. అలాగని భయపెట్టనూ లేదు. ఇంకొకరి సొమ్ము కలిసినా హజ్ విధి తీరిపోతుంది, కానీ పాపం పాపమే, ఖబూల్ (స్వీకారం) సంగతి అల్లాహ్ చూసుకుంటాడు, విమానం ఎక్కడానికి ఇంకా రెండు నెలలుంది, ఈలోపు లెక్క తేల్చుకుందాం అన్నాను. ఆ ఏడాది హజ్ విమానాలు గన్నవరం నుంచి కూడా పెట్టారు, వీళ్ళవి జూన్‌లో.

లెక్క మొదలుపెట్టేది సరుకు దగ్గర. ఆదివారం జుహర్ తర్వాత గోడౌన్‌కి వెళ్ళాను. అక్కడంతా తమ్ముడిదే రాజ్యం. అన్న టౌన్లో ఆర్డర్లు, వసూళ్ళు చూస్తే, తమ్ముడు ఏకడం, నింపడం, కుట్టించడం చూస్తాడు. నన్ను చూడగానే అతనికి నచ్చలేదు, అది నాకూ తెలుస్తోంది. వరసగా గోనె సంచులు, వాటి మీద స్కెచ్ పెన్నుతో బూరుగు, బూరుగు, బూరుగు అని రాసుంది. మా తాతది కూడా ఇదే పని కాబట్టి చేయి ఊరుకోలేదు, ఒక సంచిలో మోచేతి దాకా పెట్టాను. పైన నాలుగు వేళ్ళ మందం జారిపోతోంది, పట్టులాగా, పట్టుకుంటే పిడికిట్లో నిలవదు, అది బూరుగు. కిందికి పోయేకొద్దీ చేతికి ఉండలు తగిలాయి, నలకలు, పొట్టి పీచు. తీసి చూస్తే బూడిద రంగు. మిల్లు వేస్టు.

తమ్ముడు చూసి నవ్వాడు. "అన్నా, అందరూ ఇదే అమ్ముతారు. అచ్చం బూరుగు నింపితే ఆ రేటుకి కొనేవాడు ఏడీ? సగం కలిపితేనే గిట్టుబాటు."

నాకు అక్కడ హదీసు చెప్పాలనిపించలేదు, ఎందుకంటే అది జరిగిపోయింది, నేను చేయి పెట్టి తీశాను. దైవప్రవక్త (స) బజారులో ధాన్యం రాశిలో చేయి పెడితే లోపల తడి తగిలింది, వానకి తడిసిందన్నాడు అమ్మేవాడు, మరి జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదు, మోసం చేసేవాడు మావాడు కాదు అన్నారు. సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది, తమ్ముడికీ తెలుసు, జుమా ఖుత్బాల్లో విన్నదే. కాసేపయ్యాక అతనే, "అయితే వేస్టు కలపడం హరామా?" అన్నాడు.

కలపడం హరాం కాదు. కలిపి బూరుగు అని చెప్పడం హరాం. జనం ఇక్కడే తికమక పడతారు, దీన్ అంటే నష్టపోవడం అనుకుంటారు. సగం సగం పరుపు కావలసినవాళ్ళు బోలెడుమంది, ఆ రేటులో వాళ్ళకి అదే మంచిది, నువ్వు చెప్పి అమ్ము, కలిపింది ఎంతో రాసి అమ్ము. అతను ఒప్పుకున్నట్టు తల ఊపలేదు, కాదనలేదు. సంచుల మీద రాతలు చూస్తూ నిలబడ్డాడు.

ఇక ఆస్తి లెక్క. ఇల్లు, స్థలం ఇప్పటికీ అలాగే ఉన్నాయి కాబట్టి వాటికి పంచే రోజు విలువ కట్టాలి, చనిపోయిన రోజుది కాదు. ఇల్లు 36 లక్షలు, స్థలం 11 లక్షల 60 వేలు, ఇద్దరు బయటి మనుషులతో కట్టించాం. షాపుకి మాత్రం 2014 నాటి నోటు పుస్తకం దొరికింది, తండ్రి చేతిరాత. ఆ రోజుకి సరుకు 3 లక్షల 60 వేలు, ఖాతా బాకీలు రావలసినవి 84 వేలు (అన్నీ తర్వాత వసూలయ్యాయి), సరుకు ఇచ్చినవాళ్ళకి ఇవ్వాల్సింది 1 లక్షా 10 వేలు. నికరం 3 లక్షల 34 వేలు. అన్నీ కలిపి 50 లక్షల 94 వేలు.

చెహల్లుం (నలభయ్యో రోజు) విందుకి 80 వేలు అయిందని, అది కూడా "నాయన ఖర్చు" కింద తీసెయ్యమని తమ్ముడు అడిగాడు. తియ్యను. కఫన్ (శవానికి చుట్టే బట్ట), ఖననం ఖర్చు ఆస్తిలోంచి పోతుంది, ఊరందరికీ పెట్టిన బిర్యానీ పోదు, అది పెట్టినవాళ్ళ సొంత ఖర్చు.

పంపకానికి ముందు అప్పులు తీర్చాలి, నిసా సూరా 11, 12 ఆయతుల్లో "వీలునామా, అప్పు తర్వాతే" అని మళ్ళీ మళ్ళీ వస్తుంది. అప్పు అనగానే అందరికీ సరుకువాళ్ళే గుర్తొస్తారు. నేను నికానామా (పెళ్ళి పత్రం) తీయమన్నాను. ట్రంకు పెట్టె అడుగున ప్లాస్టిక్ కవర్లో ఉంది, మడతల దగ్గర చిరిగిపోతోంది. మెహర్, అంటే నికాలో భర్త భార్యకి ఇస్తానన్న సొమ్ము, 1,500 రూపాయలు, రెండు దీనార్ల బంగారం. ఇవ్వకపోతే అదీ అప్పే. ఇచ్చారా అని అమ్మని అడిగితే ఆవిడ, "మాఫ్ చేశాగా నాయనా, జనాజా (పాడె) లేపేటప్పుడు ఎవరో చెవిలో మాఫ్ చేశానని అనమన్నారు, అన్నట్టున్నా, ఏమన్నానో ఏమో ఆ టైంలో" అంది.

ఈ ఆచారం మీద నాకు చాలా కోపం. బతికున్నప్పుడు ఇవ్వని మెహర్‌ని శవం పక్కన ఏడుస్తున్న మనిషి చేత మాఫ్ చేయిస్తారు. భార్య ఇష్టపడి వదులుకుంటే చెల్లుతుంది, ఖురాన్‌లోనే ఉంది, కానీ ఇష్టపడి అన్నమాట అక్కడే ఉంది. ముఫ్తీ సాబ్‌కి ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి పంపాను. అప్పు మిగిలే ఉన్నట్టు లెక్కకట్టండి, ఆ తర్వాత ఆమె చేతికి వచ్చాక ఆమె ఇష్టం అన్నారు. అమ్మ మొహమాటపడుతుంటే జాబిర్ (రజి) చెప్పిన హదీసు చెప్పాను. ఒక జనాజా తెస్తే ఇతనికి అప్పుందా అని అడిగారు ప్రవక్త (స). రెండు దీనార్లు అన్నారు. ఆయన నమాజుకి వెనక్కి తగ్గారు, అబూ ఖతాదా (రజి) ఆ అప్పు నాది అన్నాకే చదివించారు. "రెండు దీనార్లేనా?" అంది అమ్మ. ఆ మాట తర్వాత ఆవిడ మళ్ళీ వద్దనలేదు.

దీనార్ అంటే 4.374 గ్రాములు, రెండు కలిపి 8.748. ఆ రోజుల్లో మేలిమి బంగారం గ్రాము ఆరు వేల చిల్లర, లెక్కకి ఆరు వేలు పట్టుకున్నాం. రూపాయల భాగం 1,500 అలాగే 1,500. నలభై అయిదేళ్ళ కిందటి 1,500 ఎంత, ఇప్పటి 1,500 ఎంత అని బాధపడొద్దు, రాసుకున్నది రాసుకున్నంతే, అందుకే మెహర్ బంగారంలో రాసుకోండని నేను పెళ్ళిళ్ళలో అడక్కుండానే చెప్తుంటాను. మొత్తం 54 వేలు తీసేస్తే పంచాల్సింది 50 లక్షల 40 వేలు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. వారసులు ఎవరని పెద్దబ్బాయిని అడిగి అతను చెప్పింది రాసుకున్నాను, అమ్మ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. భార్యకి ఎనిమిదో వంతు, మిగిలింది కొడుక్కి రెండు, కూతురికి ఒకటి. 48 భాగాలు చేస్తే అమ్మకి 6, కొడుకులకి 14 చొప్పున, కూతుళ్ళకి 7 చొప్పున. ఒక భాగం 1 లక్షా 5 వేలు. చక్కగా కాగితం టైపు చేయించుకుని అసర్ తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మ మంచం మీద, కూతుళ్ళు కింద చాప మీద, కోడళ్ళు వంటింటి గుమ్మం దగ్గర. చదివాను. కూతురికి 7 లక్షల 35 వేలు అన్నాక గదిలో ఎవరూ మాట్లాడలేదు.

చిన్న చెల్లెలు మెల్లిగా, "అన్నా, నాయన పోయినప్పుడు నాయనమ్మ ఉందిగా?" అంది.

నాకు చెమటలు పట్టాయి. మీరాస్ (వారసత్వ పంపకం) లెక్కలో మొట్టమొదటి ప్రశ్న అదే, చనిపోయిన రోజు ఆ మనిషి అమ్మానాన్నలు ఉన్నారా అని. నేను అడగనే లేదు. ఆ అమ్మాయి చెప్పుకుపోతోంది, "జనాజా లేచేటప్పుడు షాపు గడప దగ్గర కూర్చుని బూరుగు గింజలు ఏరుతూనే ఉంది, ఎవరు లేపినా లేవలేదు. నాయన పోయాక రెండేళ్ళకి కదా పోయింది."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పిల్లలున్న మనిషి చనిపోతే అతని తల్లికి ఆరో వంతు, ఖురాన్‌లో నేరుగా రాసి ఉన్న వాటా. అప్పుడు 144 భాగాలవుతాయి. భార్యకి 18, తల్లికి 24, మిగిలిన 102లో కొడుకులకి 34 చొప్పున, కూతుళ్ళకి 17 చొప్పున. తల్లి 2016లో పోయింది కాబట్టి ఆ 24 ఆమె వారసులకి పోతుంది. ఆమెకి అప్పటికి బతికున్నది ఒక కొడుకు, ఒక కూతురు, అంటే వీళ్ళ బాబాయి, మేనత్త. బాబాయికి 16, మేనత్తకి 8. కొడుకు ఉన్నాడు కాబట్టి ముందే పోయిన కొడుకు పిల్లలకి, అంటే ఈ నలుగురికి, నాయనమ్మ నుంచి ఏమీ రాదు. ఒక భాగం 35 వేలు. అమ్మకి 6 లక్షల 30 వేలు, ఇది మారదు. కొడుకులకి 11 లక్షల 90 వేల చొప్పున, కూతుళ్ళకి 5 లక్షల 95 వేల చొప్పున, బాబాయికి 5 లక్షల 60 వేలు, మేనత్తకి 2 లక్షల 80 వేలు. ఆ ఒక్క మాటతో చిన్న చెల్లెలు తన వాటాలోంచే లక్షా 40 వేలు తగ్గించుకుంది. లెక్క వచ్చినమ్మాయే, ట్యూషన్లు చెప్తుంది, తెలియక అన్నది కాదు.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "నాయనమ్మకి నాయన ఆస్తేంది? మనమే కదా సాకింది? మందులు, ఆసుపత్రి, అన్నీ షాపులోంచే కదా? బాబాయి ఒక్క రూపాయి పంపాడా?" అతని కోపంలో న్యాయం లేదనను. కానీ అప్పు అని చెప్పకుండా పెట్టింది అప్పు కాదు, సేవ, దాని పుణ్యం వేరే ఖాతాలో ఉంటుంది, దాన్ని తెచ్చి ఈ ఖాతాలో కోయడం కుదరదు. ఆ వారం అతను నా ఫోన్ ఎత్తలేదు.

ఇలాంటి కేసుల్లో ఆడవాళ్ళతో విడిగా మాట్లాడాల్సిందే, అన్నదమ్ముల ముందు అడిగితే వచ్చే జవాబు జవాబు కాదు. నా భార్యని తీసుకుని పెద్ద చెల్లెలి ఇంటికి వెళ్ళాను. మొదటిమాటే "నాకొద్దన్నా, మాఫ్ చేసేశా, అన్నదమ్ములు బాగుంటే చాలు" అంది. నేను టీ తాగుతూ ఊరుకున్నాను. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి అరగంట కూర్చుంది. బయటికొచ్చాక చెప్పింది, "ఆమెకి వద్దని కాదు, తీసుకుంటే పండక్కి పుట్టింటి నుంచి పిలుపు రాదని భయం." వాటా చేతికి రాకముందు నోటితో మాఫ్ అనేస్తే ఇల్లూ స్థలంలో హక్కు పోదని మన హనఫీ ముఫ్తీలు చెప్తారు. వద్దనుకుంటే రెండు దారులు, ముందు తీసుకుని తర్వాత ఇష్టముంటే తిరిగివ్వడం, లేదా ఒప్పుకున్న మొత్తం ఏదో తీసుకుని పంపకంలోంచి తప్పుకోవడం. దీన్ని తఖారుజ్ అంటారు. ఇది చెప్పాక ఆమె కాసేపు ఆలోచించి, "వాడు అడక్కుండా తెచ్చి ఇస్తే కాదనను" అంది. అదే మాట పెద్దబ్బాయికి చేరవేశాను, ఒక్క అక్షరం మార్చకుండా.

తొమ్మిదేళ్ళ లాభాల సంగతి అన్నిటికంటే చిక్కు. అందరి సొమ్ముతో ఇద్దరు పని చేశారు, మిగతావాళ్ళ అనుమతితోనా లేకుండానా అన్నదాన్ని బట్టి హుకుం మారుతుంది, పైగా ఎవరి దగ్గరా లెక్కల్లేవు. అందరూ పెద్దవాళ్ళే, మైనర్లు ఎవరూ లేరు కాబట్టి రాజీ చేసుకోండి, అదే మేలు అని ముఫ్తీ సాబ్ జవాబు. అన్నదమ్ములు 2017 పెళ్ళికి పెట్టిన నాలుగున్నర లక్షలు అడగరు, చెల్లెళ్ళు, అమ్మ, బాబాయి, మేనత్త లాభాలు అడగరు. అందరూ సంతకాలు పెట్టారు. పెద్ద చెల్లెలికి 2009లో తండ్రి చేతులతో ఇచ్చింది తండ్రి ఇచ్చిన కానుక, అది లెక్కలోకే రాదు.

పంపకం అనుకున్నదానికంటే తేలిగ్గా కుదిరింది. స్థలం 11 లక్షల 60 వేలు, కూతుళ్ళిద్దరికీ కలిపి రావలసింది 11 లక్షల 90 వేలు. స్థలం వాళ్ళకి రాసి, చెరో 15 వేలు చేతికిస్తే సరిపోయింది. పారీఖత్తు (పంపకం పత్రం) రాయించి రిజిస్టర్ చేయించాం, బాబాయి మేనత్త కూడా వచ్చి వేలిముద్రలు వేశారు. బాబాయి ఆర్టీసీలో చేసి రిటైరైన మనిషి, మొదట నవ్వేశాడు, "మా అమ్మకి వాటా ఉందని మా అమ్మకే తెలీదు" అని. తర్వాత రెండు లక్షలు ఇవ్వండి చాలు, దసరా దాకా టైం ఉంది అన్నాడు. అతనిది తఖారుజ్ కింద రాశాం. అమ్మ తన వాటాలో హజ్ ఖర్చు వరకు పెద్ద కొడుక్కి అమ్మినట్టు, మిగతాది ఇంట్లోనే ఉంచుకున్నట్టు. అంటే ఆవిడ హజ్ ఆవిడ సొమ్ముతోనే. ఇది పెద్దబ్బాయికి కొంచెం నొప్పి పుట్టించింది, అమ్మని తీసుకెళ్తున్నానని ఊరంతా చెప్పుకున్నాడు పాపం. మెహర్‌లో బంగారం మాత్రం ఆవిడ బంగారంగానే అడిగి తీసుకుంది.

మేనత్త దగ్గర బండి ఆగింది. భర్త లేడు, ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. అందరిలాగే ఈమె కూడా టైం ఇస్తుందనుకున్నాం. "నేనెందుకు ఆగాలి నాయనా? వానలొచ్చేలోపు రేకులు మార్చుకోవాలి. హజ్ నువ్వు వెళ్తావు, తడిసేది నేను" అంది. ఆ మాటకి జవాబు లేదు. ముఫ్తీ సాబ్‌కి రాసిన మూడో ప్రశ్న ఇదే. హక్కుదారు గడువు ఇవ్వనంటే, ఇచ్చే స్తోమత ఉంటే, ఇచ్చి వెళ్ళాలి. పదిలక్షలూ హజ్‌కే సరిపోతాయి. పెద్దబ్బాయి తన సీటు రద్దు చేసుకోవడానికి సిద్ధపడ్డాడు, కానీ అమ్మకి మహ్రం (ప్రయాణంలో వెంట ఉండాల్సిన దగ్గరి మగ బంధువు) అతనే.

అప్పుడు ఫోన్ ఎత్తని తమ్ముడు వచ్చాడు. డెలివరీల టాటా ఏస్ అతని చేతి బండి, అది లక్షన్నరకి అమ్మేశాడు. డబ్బు తెచ్చి మేనత్త మిషను మీద పెట్టాడు. ఆమె లెక్కపెట్టుకుని, మిగతా లక్షా 30 వేలకి నెలనెలా వాయిదాకి ఒప్పుకుంది, అదీ కాగితం రాయించుకున్నాకే. ఇప్పటికీ వాళ్ళు డెలివరీకి బాడుగ ఆటో పెడతారు, నేను ఎప్పుడు షాపుకి వెళ్ళినా తమ్ముడు ఆ బాడుగ ఎంతయిందో నాకు వినపడేలా చెప్తాడు.

జకాత్ కూడా ఆ ఊపులోనే సరిచేశాం. ఏటా ఉజ్జాయింపుగా 5 వేలు ఇచ్చేవాళ్ళు. సరుకు అమ్మే ధరలో 7 లక్షల 20 వేలు, రావలసిన బాకీలు 1 లక్షా 30 వేలు, గల్లాపెట్టె, బ్యాంకు కలిపి 60 వేలు, ఇవ్వాల్సింది 2 లక్షల 10 వేలు. నికరం 7 లక్షలు, రెండున్నర శాతం 17,500, ఇద్దరూ చెరిసగం ఎవరి జకాత్ వాళ్ళు. ఏకే మిషను, బీరువాలు, ర్యాకులు లెక్కలోకి రావు. ఇల్లు, షాపు పంచుకున్నాక తేలిన లెక్క ఇది, పాత ఏళ్ళవి విడిగా అంచనా కట్టి కొంచెం కొంచెం తీరుస్తున్నారు.

ముగ్గురూ జూన్‌లో వెళ్ళి వచ్చారు. అమ్మ జంజం నీళ్ళు మొదట మేనత్త ఇంటికి పంపిందని విన్నాను. పండక్కి పెద్ద చెల్లెలికి పిలుపు వెళ్ళింది, తమ్ముడి భార్య మాత్రం ఆమెతో ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు. గోడౌన్‌లో ఇప్పుడు రెండు రకాల సంచులున్నాయి, బూరుగు అని ఒకటి, బూరుగు సగం మిల్లు సగం అని ఒకటి. రెండోదే ఎక్కువ పోతోందట. నా వైపు నుంచి మారింది ఒక్కటే, మీరాస్ కాగితంలో మొదటి గీత మీద ఇప్పుడు "చనిపోయిన రోజు అమ్మ ఉందా, నాన్న ఉన్నాడా" అని అచ్చు వేయించుకున్నాను, అది నింపందే రెండో గీతకి పోను.

మేనత్త వాయిదాల్లో ఇది రాస్తున్న నాటికి ఇంకా 40 వేలు ఉన్నాయి. మొన్న ఫోన్ చేసింది. "ఏదో రాస్తున్నావంట కదా మా గురించి. నలభై ఉందని రాశావా?" అంది. రాశానన్నాను.